డేకేర్‌లో దింపగానే ఏడ్చే బిడ్డకు మొదటి మూడు వారాలు

నిన్నటిదాకా ఎవరెత్తుకున్నా నవ్వుతూ వెళ్ళిన పాప ఎనిమిదో నెల ప్రాంతంలో ఒక్కసారిగా అమ్మ కొంగు వదలనంటుంది. పది నెలల నుంచి ఏడాదిన్నర దాకా ఇది బాగా ముదురుతుంది. మూడేళ్ళు వచ్చేసరికి చాలామందిలో సద్దుమణుగుతుంది. ఎదిగే బుర్ర చేసే పని ఇది. అమ్మ కంటికి కనపడకపోయినా ఎక్కడో ఉందని బిడ్డకు అప్పుడే తెలిసొస్తుంది, కానీ ఎప్పుడొస్తుందో లెక్క వేసుకునే వయసు ఇంకా రాదు. ‘గారాబం చేసి పాడుచేశారు’ అని చుట్టాలు అనే మాటను పట్టించుకోకండి.

26 వారాల ప్రసూతి సెలవు ముగిసేసరికి బిడ్డకు నాలుగు నుంచి ఆరు నెలలుంటాయి. ఆ వయసులో కొత్త చేతులకు అలవాటు పడటం కాస్త తేలిక. అయితే మన విజయవాడ, గుంటూరు ఇళ్ళలో జరిగేది వేరు. అమ్మమ్మో నానమ్మో వచ్చి ఏడాది దాకా చూసుకుంటారు, ఆవిడ ఊరెళ్ళాక డేకేర్ మొదలవుతుంది. అంటే ఏడుపు ముదిరిన వయసులోనే చేరుస్తున్నాం. అందుకే మొదటిరోజు దింపేసి వచ్చేయడం కుదరదు. రెండు మూడు వారాలు పెట్టుకోవాలి.

ఆ వారాల్లో మన పని బిడ్డ ఏడుపు ఆపించడం అనుకుంటే అన్నీ తప్పుగా చేస్తాం. అక్కడ ఏడుపొచ్చినప్పుడు ఎవరి ఒడిలోకి వెళ్ళాలో బిడ్డకు తెలియాలి. అలాంటి మనిషి ఒక్కరు కుదిరితే చాలు, మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. కింద చెప్పేవన్నీ ఆ ఒక్క మనిషి కోసమే.

చేర్చే ముందు

డేకేర్ చూడ్డానికి వెళ్ళినప్పుడు గోడమీద బొమ్మలు, ఏసీ, సీసీ కెమెరాలు అందరూ చూస్తారు. అవి చూడండి, కానీ ముందు ఒక ప్రశ్న అడగండి: ‘మా బాబు ఏడిస్తే ఎత్తుకునేది ఎవరు?’ జవాబుగా ఒక పేరు రావాలి. ‘ఎవరో ఒకరం చూసుకుంటామండీ’ అంటే చాలదు. ఆ ఆయమ్మ పొద్దున మీరు దింపే వేళకూ, మధ్యాహ్నం పడుకోబెట్టే వేళకూ అక్కడ ఉంటారా? సెలవు పెడితే బదులెవరు? ఆవిడ చేతికింద ఎంతమంది? రెండేళ్ళలోపు పిల్లలు నలుగురైదుగురికి మించితే, ఏడ్చేవాణ్ణి ఎత్తుకోవడానికి ఆవిడకు ఖాళీ చెయ్యి ఉండదు. చూడ్డానికి వెళ్ళేది పిల్లలంతా నిద్రపోయే మధ్యాహ్నం కాదు, పొద్దున తొమ్మిదికి. గేటు దగ్గర ఏడ్చే పిల్లలను ఎలా పట్టుకుంటున్నారో, ఏమని మాట్లాడుతున్నారో అప్పుడే తెలుస్తుంది.

ఇంటి దగ్గర డేకేరా, ఆఫీసు దగ్గరా అని చాలామంది అడుగుతారు. ఏడాది దాటిన బిడ్డకైతే ఇంటి దగ్గరదే మంచిదని మా మాట. విజయవాడ పటమటలో ఉండి వెలగపూడి సచివాలయంలోనో మంగళగిరి ఎయిమ్స్‌లోనో పనిచేసేవాళ్ళకు, గుంటూరు బ్రాడీపేట నుంచి రోజూ విజయవాడ వచ్చిపోయేవాళ్ళకు కృష్ణ మీది వారధి దగ్గర ట్రాఫిక్ ఆగితే గంట పోతుంది. డేకేర్ ఇంటికి దగ్గరైతే నాన్నో తాతయ్యో వెళ్ళి తెస్తారు. పాలు తాగే పసిబిడ్డకు మాత్రం ఆఫీసు దగ్గరదే మేలు. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థ పిల్లల సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోనివ్వాలని చట్టం చెబుతోంది. పాలివ్వడానికి ఆ హక్కు వాడుకోండి. పాలు మానేసిన రెండేళ్ళవాడి దగ్గరికి మాత్రం అలవాటు పడేదాకా మధ్యలో వెళ్ళకపోవడమే మంచిది. వెళ్ళిన ప్రతిసారీ మళ్ళీ విడిపోవాలి కదా.

కాలం కూడా చూసుకోండి. జూన్‌లో బడులు తెరిచే వారాల్లో కొత్త పిల్లలంతా ఒకేసారి చేరతారు, ఒకరి ఏడుపు విని ఇంకొకరు అందుకుంటారు, ఆయమ్మ చేతులు ఎటూ చాలవు. ఏప్రిల్, మే ఎండలకు పిల్లలు మామూలుగానే చిరాకు పడుతుంటారు. వీలుంటే ఆగస్టులోనో, నవంబరు నుంచి ఫిబ్రవరి లోపో మొదలుపెట్టండి. అదే నెలలో పాలు మాన్పించడం, ఇల్లు మారడం, తిరుపతి తీసుకెళ్ళి పుట్టు వెంట్రుకలు తీయించడం లాంటివి పెట్టుకోకండి. రెండో కాన్పు ఉందంటే కనీసం రెండు నెలల ముందే డేకేర్ అలవాటు చేయాలి. లేకపోతే చెల్లి పుట్టింది కాబట్టే నన్ను పంపేశారని పెద్దవాడు మనసులో పెట్టుకుంటాడు.

ఇంట్లో రెండు వారాల ముందు నుంచి

దోబూచులాట రోజూ ఆడండి. కొంగు మాటున ముఖం దాచుకుని మళ్ళీ కనపడటం, తలుపు వెనక్కి వెళ్ళి పిలవడం. వెళ్ళిన మనిషి తిరిగొస్తుందని బిడ్డకు నమ్మకం కలిగించేది ఈ ఆటే. ఆ తర్వాత నిజంగా వెళ్ళిరండి: ‘దొడ్లో బట్టలు ఆరేసి వస్తా’ అని చెప్పి రెండు నిమిషాలు, మర్నాడు ఐదు, ఆపైన పక్కింటి పిన్నిగారి దగ్గర పావుగంట, అరగంట. వెళ్ళేటప్పుడు ఒకటే మాట, వచ్చాక ఒకటే మాట: ‘వెళ్ళొస్తా కన్నా’, ‘వచ్చేశా కన్నా’.

నిద్ర విషయం ఎక్కువమంది మరిచిపోతారు. ఇంట్లో చీర ఉయ్యాలలో ఊపితేనే పడుకునే పిల్లాడికి డేకేర్‌లో పరుపు మీద నిద్ర పట్టదు. నిద్ర లేకపోతే మూడింటి నుంచి ఏడుపే, దాన్ని అందరూ అమ్మ మీద బెంగ అనుకుంటారు. అందుకని పగటి నిద్ర ఒక్కటైనా ముందుగా బొంత మీదకు మార్చండి. మొదటి మూడు రోజులు ఉయ్యాలలో సగం నిద్ర పట్టాక కిందికి దించండి. తర్వాత పక్కన పడుకుని వీపు నిమరండి. ఆ తర్వాత చెయ్యి వేసి ఊరుకోండి. డేకేర్‌లో పన్నెండున్నరకు పడుకోబెడతారంటే ఇంట్లో వేళను రోజుకు పది నిమిషాల చొప్పున అటు జరుపుకుంటూ వెళ్ళండి. ఏడాది నుంచి రెండేళ్ళ వయసుకు పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. రాత్రి పదిన్నరదాకా టీవీ ముందు ఉండి పొద్దున ఏడింటికి లేపిన బిడ్డ గేటు దగ్గర ఏడవకుండా ఉండటం కష్టం.

తోడుగా ఇచ్చే గుడ్డ తయారు చేసుకోండి. అమ్మది పాత కాటన్ చీర, బాగా ఉతికి మెత్తబడింది కావాలి. జేబురుమాలంత ముక్కలు రెండు కత్తిరించి అంచులు మడిచి కుట్టండి, దారాలు వేలాడకూడదు. అమ్మ రెండు రాత్రులు వాటిని తలకింద పెట్టుకుని పడుకుంటే వాసన పడుతుంది. ఒకటి సంచిలో, ఒకటి ఇంట్లో. రెండూ ఒకేరోజు ఉతకొద్దు. సబ్బు వాసన తప్ప ఏమీ మిగలదు, ఆ రోజు గుడ్డను విసిరికొడతాడు. పొడుగాటి చున్నీ మాత్రం ఇవ్వకండి, మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. ఏడాదిలోపు పిల్లలకైతే నిద్రలో ఏ గుడ్డా పక్కన ఉంచకూడదు.

అలవాటు చేసే రోజులు

జర్మనీలో బెర్లిన్ పద్ధతి అని ఒకటి వాడుకలో ఉంది. మొదటి మూడు రోజులు తల్లో తండ్రో బిడ్డతో కలిసి అక్కడే ఉంటారు, నాలుగో రోజే తొలిసారి బయటికి వెళ్తారు. దాన్ని మన ఆఫీసులకూ సెలవులకూ తగ్గట్టు ఇలా సర్దుకోవచ్చు.

గురువారం మొదలుపెట్టండి. గురు, శుక్ర, సోమ మూడు రోజులూ తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా, రోజుకు గంట. మీరు గోడవారగా ఒకేచోట కింద కూర్చోండి. బిడ్డను ‘పో, ఆడుకో’ అని తొయ్యొద్దు, వెంట తిరగొద్దు, ఫోన్ తియ్యొద్దు. వాడు వెళ్తాడు, ఒక బండి బొమ్మ పట్టుకుని తిరిగొచ్చి మీ మోకాలు తాకి మళ్ళీ వెళ్తాడు. అలా వెళ్ళిరావడమే ఆ గంటలో జరగాల్సింది. ఆయమ్మ మొదటిరోజు దగ్గర్లో కూర్చుని బంతి దొర్లిస్తే చాలు, ఎత్తుకోబోకూడదు. రెండోరోజు మంచినీళ్ళు ఆవిడ చేత్తో తాగించాలి. మూడోరోజు మీరు పక్కన ఉండగానే డైపరు ఆవిడ మార్చాలి. మీ కళ్ళముందు మీ ఒప్పుదలతో ఆవిడ ముట్టుకుంటే, మీరు లేనప్పుడు ముట్టుకోవడం బిడ్డకు కొత్తగా ఉండదు.

నాలుగో రోజు, అంటే మంగళవారం, అరగంట కూర్చున్నాక చెప్పి బయటికి వెళ్ళండి. శని, ఆదివారాల తర్వాత సోమవారం ఇంటి బెంగ ఎక్కువ కాబట్టి తొలి విడిపోవడం ఆ రోజు పెట్టలేదు. గేటు బయటే ఉండండి. ఏడుపు మొదలైనా కొద్ది నిమిషాల్లో ఆయమ్మ భుజం మీద తల వాల్చాడంటే అరగంట దాకా ఆగి లోపలికి రండి. ఎంత ఎత్తుకున్నా వెనక్కి విరుచుకుంటూ గుక్క తిప్పుకోకుండా ఏడుస్తుంటే రెండు మూడు నిమిషాలకే వచ్చేయండి. ఓడిపోయినట్టు కాదు. ఇంకో మూడు రోజులు కలిసి కూర్చుని మళ్ళీ ప్రయత్నిస్తే సరి.

ఆ తర్వాత గంట, రెండు గంటలు, భోజనం దాకా. అన్నం అక్కడ తిన్నాకే నిద్ర కలపండి. కొత్తచోట కళ్ళు మూసుకోవడానికి అన్నిటికంటే ఎక్కువ నమ్మకం కావాలి కనుక నిద్ర ఆఖరున రావాలి. నిద్ర లేచేసరికి, మొదటి రెండు రోజులైనా, ఆ ఆయమ్మే కళ్ళెదుట ఉండాలి. ఇదంతా అయ్యేసరికి మూడోవారంలో పూర్తిరోజు కుదురుతుంది. సెలవు వారమే దొరికితే పొద్దున గంట, సాయంత్రం గంట వెళ్ళి రోజులు తగ్గించుకోండి, కలిసి కూర్చునే భాగాన్ని మాత్రం తీసెయ్యకండి. ఇంకా పాలు తాగే పిల్లాడు అమ్మను చూస్తే ఒళ్ళు దిగడు. అలాంటప్పుడు ఈ మూడు రోజులూ నాన్నో తాతయ్యో కూర్చుంటే పని త్వరగా అవుతుంది.

గేటు దగ్గర

వీడ్కోలు నిమిషంలో అయిపోవాలి, రోజూ ఒకేలా జరగాలి. చెప్పులు విప్పించడం, సంచి కొక్కేనికి తగిలించడం బిడ్డ చేతే చేయించండి. తర్వాత ముద్దు, ఒక మాట, కిటికీ దగ్గర టాటా. మాటలో గడియారం ఉండకూడదు. ‘ఐదింటికి వస్తా’ అంటే వాడికి తెలియదు. ‘పప్పన్నం తిని, బజ్జుని లేచి, పాలు తాగాక వస్తా’ అనండి. చెప్పినవన్నీ రోజూ అదే వరుసలో జరుగుతాయి కాబట్టి పాలగ్లాసు కనపడగానే గేటు వైపు చూడటం నేర్చుకుంటాడు. ‘వెళ్ళనా?’ అని మాత్రం అడక్కండి. వద్దంటాడు, మీరు వెళ్తారు, ఇంకెందుకు అడిగినట్టు?

చేతులు మారేటప్పుడు బలవంతంగా లాక్కోవడం పనికిరాదు. ఆయమ్మ మోకాళ్ళ మీద కూర్చుని బిడ్డ ఎత్తుకు రావాలి. మీరూ కిందికి వంగి బిడ్డను ఆవిడ వైపు తిప్పి నిలబెట్టండి. ఆవిడ చెయ్యి వీపు వెనక పడ్డాకే మీ చెయ్యి తియ్యండి. నల్లపూసలు జాకెట్టు లోపలికి వేసుకుని వెళ్ళండి, చున్నీ పిన్ను పెట్టి ముడివేసుకోండి. పిడికిలికి ఏది చిక్కితే అది పట్టుకుంటాడు. గొలుసు తెగితే ఆ కంగారులో వీడ్కోలు కాస్తా పెనుగులాట అవుతుంది. అలవాటు చేసే రోజులు దాటాక, టాటా చెప్పిన తర్వాత ఏడుపు వినపడిందని వెనక్కి వెళ్ళకండి. గట్టిగా ఏడిస్తే అమ్మ వస్తుందని మర్నాటికి నేర్చుకుంటాడు. పది నిమిషాల తర్వాత ఫోన్ చేసి ఎలా ఉన్నాడో కనుక్కోండి, లేదా ఒక ఫొటో పంపమనండి.

బొమ్మ చూపించి, వాడు అటు తిరగ్గానే చల్లగా జారుకోవడం మన దగ్గర బాగా అలవాటు. పెద్దవాళ్ళూ అదే సలహా ఇస్తారు. ఆ రోజుకు ఏడుపు వినపడదు, నిజమే. కానీ చూపు తిప్పితే అమ్మ మాయమవుతుందని బిడ్డకు అర్థమవుతుంది. ఇక ఇంట్లో స్నానానికి వెళ్ళినా తలుపు కొడతాడు, డేకేర్‌లో ఆటలో పడటానికి భయపడతాడు, రాత్రి నిద్రలో ఉలిక్కిపడి తడుముకుంటాడు. ‘ఏడిస్తే బూచాడికి ఇచ్చేస్తా’, ‘పోలీసు పట్టుకెళ్తాడు’, ‘ఇంజక్షన్ వేయిస్తా’ అనే బెదిరింపులూ అంతే. భయంతో ఉన్నవాడికి ఇంకో భయం కలుపుతున్నాం. ‘మగపిల్లాడివి, ఏడవకూడదు’ కూడా వద్దు. నిద్రమత్తు కోసం జలుబు, దగ్గు సిరప్పులు వేయడం ప్రమాదం. ఏ డేకేర్ అయినా అడక్కుండా వేస్తుంటే ఆ రోజే మాన్పించండి.

ఏడ్చే బిడ్డతో ఆయమ్మ ఏం చేయాలో ముందే మాట్లాడుకోండి. ఎత్తుకుని, ‘అమ్మ కావాలా నాన్నా? అమ్మ ఆఫీసుకెళ్ళింది. బజ్జుని లేచాక వస్తుంది’ అని నెమ్మదిగా రెండు మూడుసార్లు అనాలి. కాసేపు కిటికీ దగ్గర నిలబడాలి. ఊపిరి కుదుటపడ్డాక పని ఇవ్వాలి: టబ్బులో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు, రెండు స్టీలు గ్లాసులు, ఒక గరిటె. ఇందులోంచి అందులోకి పోసుకుంటూ చాలామంది పిల్లలు కుదుటపడతారు. ఆయమ్మ మాత్రం పక్కనుంచి కదలకూడదు, అయ్యాక నీళ్ళు పారబోయాలి. రాగానే చేతిలో ఫోన్ పెడితే ఏడుపు ఆగుతుంది, మనిషి మాత్రం అలవాటు కాదు. సంచిలో మూడు జతల బట్టలు, చీర ముక్క, ఇంట్లోవాళ్ళ ఫొటో లామినేట్ చేసింది ఒకటి పెట్టండి. బిడ్డ మాటలు కూడా ఒక కాగితం మీద రాసివ్వండి. ‘మమ్మం’ అంటే అన్నమా, ‘బూ’ అంటే నీళ్ళా అన్నది తెలియక ఆకలితో ఏడ్చేవాణ్ణి బెంగ అనుకునే అవకాశం ఉంది.

సాయంత్రం, ఆ తర్వాతి రోజులు

చెప్పిన వేళకు రండి. పాలు తాగాక వస్తానన్న మీరు చీకటి పడ్డాక వస్తే మర్నాడు ఆ మాట పనిచేయదు. దసరా ఉత్సవాల రోజుల్లో, ముఖ్యంగా మూలా నక్షత్రం రోజు, విజయవాడలో దుర్గమ్మ కొండ ఇంద్రకీలాద్రి చుట్టూ దారులు మళ్ళిస్తారు. ఆ వారానికి తీసుకొచ్చే రెండో మనిషిని ముందే కుదుర్చుకుని, పొద్దునే ‘ఇవాళ తాతయ్య వస్తారు’ అని బిడ్డకు చెప్పండి.

మిమ్మల్ని చూడగానే బావురుమంటాడు. పొద్దుటి నుంచి కొట్టారేమో అని కంగారుపడకండి. దాచుకున్నదంతా మీ దగ్గర దింపుకుంటున్నాడు. కూర్చుని ఎత్తుకోండి, ‘ఏం చేశావు, ఏం తిన్నావు’ అని ప్రశ్నలు గుప్పించకండి. ఇంటికొచ్చాక పావుగంట వంటింట్లోకి వెళ్ళకుండా పక్కన కూర్చోవడం రాత్రి పేచీలను చాలా తగ్గిస్తుంది. పక్కలో తడపడం, మాటలు తగ్గడం, అన్నం మీరే తినిపించాలని పట్టుబట్టడం కొన్ని వారాలు ఉండొచ్చు. మొదటి వారం హాయిగా ఉండి రెండో వారం ఏడ్చేవాళ్ళూ ఉన్నారు: కొత్త మోజు తీరి, ఇది రోజూ ఉంటుందని అప్పుడు అర్థమవుతుంది. మొదటి నెలల్లో జలుబులు, జ్వరాలు వెంటవెంటనే వస్తాయి. జ్వరం తగ్గి తిరిగి వెళ్ళినప్పుడూ, సంక్రాంతికి పదిరోజులు ఊళ్ళో ఉండి వచ్చినప్పుడూ ఏడుపు మళ్ళీ మొదలవుతుంది. అప్పుడు రెండు రోజులు సగంపూట పంపండి.

డేకేర్ ఇబ్బందిగా ఉందని బిడ్డను తెనాలిలోనో నరసరావుపేటలోనో అమ్మమ్మ దగ్గర ఉంచి ఆదివారాలు వెళ్ళి చూసొద్దామనుకునేవాళ్ళుంటారు. ఏడాదిన్నర వాడికి రోజూ సాయంత్రం అమ్మ రావడం వేరు, వారం రోజులు రాకపోవడం వేరు. అన్ని రోజులను వాడు మనసులో పట్టి ఉంచుకోలేడు. ఎంత ప్రేమగా చూసే అమ్మమ్మ అయినా సరే, ఆవిడే మన ఇంటికి వచ్చి ఉండగలిగితే అది మేలు.

చప్పుడు చేయని పిల్లలను జాగ్రత్తగా గమనించండి. ‘మీ పాప బంగారమండీ, అసలు ఏడవదు’ అని చెబితే, ఆడుతోందా, తింటోందా, ఎవరి ఒళ్ళోకైనా వెళ్తోందా అని అడగండి. ఒక మూల కూర్చుని, ముఖంలో ఏ మార్పూ లేకుండా, ఎవరు పిలిచినా పలకని పాప అలవాటు పడలేదు, ఆశ వదులుకుంది. ఆ పాపకు కలిసి కూర్చునే రోజులు మళ్ళీ మొదటి నుంచి కావాలి. ఆరు వారాలు దాటినా ఎవరి దగ్గరా ఓదారకపోయినా, బరువు తగ్గుతున్నా, వచ్చిన మాటలు పూర్తిగా పోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా పిల్లల డాక్టరుకు చూపించండి. ఒంటిమీద వివరం చెప్పలేని దెబ్బలు కనపడినా, ఒకే మనిషిని చూసి వణికినా, డైపరు మార్చేటప్పుడు కొత్తగా భయపడినా ఆగకండి. పిల్లల సహాయానికి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 రాత్రింబవళ్ళు పనిచేస్తుంది.

ఆయమ్మ ఉద్యోగం మానేస్తే బిడ్డకు అది ఇంకో ఎడబాటు. వారం ముందు చెప్పమని యజమానిని అడిగి పెట్టుకోండి. కొత్తగా వచ్చే ఆవిడ, పాత ఆయమ్మ ఉండగానే ఒకరోజు నీళ్ళు, ఒకరోజు అన్నం, ఒకరోజు నిద్ర చూసుకోవాలి. వెళ్ళేరోజు ఆవిడ చేత బిడ్డకు ‘వెళ్తున్నాను నాన్నా’ అని చెప్పించండి.